పాఠశాల నిర్ణయాల్లో విద్యార్థుల మాట: అడగనివ్వడం సరే, జవాబు ఎవరు చెప్పాలి?

బడిగంట (ప్రధానోపాధ్యాయురాలు, గుంటూరు ప్రాంతం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మూడేళ్లుగా ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్నాను. గత నెలలో జరిగిన ఒక విషయం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు కనుక మీ ముందు పెడుతున్నాను.

మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లు నాలుగు ఉన్నాయి. నీళ్లు వస్తాయి, ఆయా రోజూ కడుగుతుంది, ఫొటోలు తీసి యాప్‌లో పెడుతూనే ఉన్నాం. కాగితం మీద ఏ లోటూ లేదు. ఒకరోజు మూడో పీరియడ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దుటి నుంచి చుక్క నీళ్లు తాగలేదట. ఎందుకు తాగలేదమ్మా అంటే తల వంచుకుంది కానీ నోరు విప్పలేదు. పక్కనున్న స్నేహితురాలు చెప్పింది: నాలుగు తలుపుల్లో మూడింటికి లోపల గడియ లేదు, ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి, పది నిమిషాల ఇంటర్వెల్‌లో అందరికీ వంతు రాదు, అందుకని చాలామంది నీళ్లు తాగడమే మానేశారు. నేను వెళ్లి చూశాను. ఒక తలుపుకు గడియ ఉండవలసిన చోట, చున్నీ అంచు చింపి మేకుకు కట్టిన పీలిక ఒకటి వేలాడుతోంది. పట్టుకుని పట్టుకుని అది నలిగి, నల్లబడి, తాడులా బిగుసుకుపోయి ఉంది. ఎన్నాళ్లుగా అలా ఉందో చూస్తేనే తెలిసిపోతుంది. మూడు గడియలకూ వడ్రంగి కూలికీ కలిపి ఆరువందల రూపాయలు కూడా కాలేదు.

ఈ ఏడాది పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశాలు జరిగాయి, తల్లిదండ్రులతో మెగా సమావేశం జరిగింది, ప్రతి తరగతికీ లీడర్లు ఉన్నారు. స్వపరిపాలన దినం నాడు పదో తరగతి అమ్మాయి చీర కట్టుకుని వచ్చి రోజంతా నా కుర్చీలో కూర్చుంది. గడియల సంగతి ఆ అమ్మాయికీ తెలుసు. నా కుర్చీలో కూర్చున్న రోజున కూడా అది చెప్పవచ్చునని ఆమెకు తోచలేదు, ఎందుకంటే ఆ కుర్చీ అందుకోసమని మేము ఏనాడూ అనలేదు.

పిల్లల మాట బడి నిర్ణయాల్లోకి నిజంగా రావాలంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

---

పాతపంతులు (విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రకాశం)

అమ్మా, మీరు రాసింది చదివి మనసు కలత చెందింది. అయినా ముప్పై నాలుగేళ్లు పనిచేసిన అనుభవంతో ఒక హెచ్చరిక చేయాలి. విద్యార్థులకు గొంతు ఇవ్వాలనగానే అందరికీ మొదట తోచేది ఎన్నిక. నేను పనిచేసిన ఒక ఊరిలో ఉత్సాహం కొద్దీ బ్యాలెట్ పెట్టెతో సహా విద్యార్థి నాయకుడి ఎన్నిక పెట్టాం. వారం తిరక్కుండానే అది పై వీధి, కింది వీధిగా చీలింది. ఊళ్లో ఏ పార్టీ వారి పిల్లలు ఆ పార్టీ వారి అబ్బాయికే ఓటు వేశారు. ఓడిపోయిన కుర్రాడి మేనమామ వచ్చి స్టాఫ్ రూములో కూర్చుని, లెక్కింపు మళ్లీ చేయమన్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలు రెండు వరుసలుగా కూర్చోవడం నేను కళ్లారా చూశాను. ఆ వరుసలు కలవడానికి సంక్రాంతి సెలవుల దాకా పట్టింది.

పోనీ ఉపాధ్యాయులే ఎంపిక చేద్దామంటే, మనం ఎంపిక చేసేది ఎవరిని? మొదటి ర్యాంకు వచ్చే పిల్లవాణ్ణి, మన మాట జవదాటనివాణ్ణి. వాడు మన గొంతే తిరిగి మనకు వినిపిస్తాడు. కాబట్టి నా ప్రశ్న సూటిగా ఇది: పిల్లల్లో ఎవరి మాట వినాలి, ఆ ఎవరిని ఎలా తేల్చాలి?

---

చట్టం_చదువరి (హైదరాబాదు)

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం, ఎందుకంటే ఇందులో ఉన్న ఒక చిన్న వాక్యం చాలామంది దృష్టికి రాలేదు.

2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. మిగిలిన పాతిక శాతం సంగతి కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఉంది. అందులో మూడో వంతు స్థానిక సంస్థల ప్రతినిధులు, మూడో వంతు ఉపాధ్యాయులు, చివరి మూడో వంతు ‘స్థానిక విద్యావేత్తలు లేదా ఆ పాఠశాల పిల్లలు’. వీరిలో ఎవరన్నది కమిటీలోని తల్లిదండ్రులే నిర్ణయించుకోవాలి. అంటే బడి పిల్లలు కమిటీలో కూర్చోవచ్చునన్న ఊహ ఆ నమూనా రాసినవారికి ఉంది. నేను దగ్గరగా చూసిన కమిటీల్లో మాత్రం ఆ చోటు ఎప్పుడూ ఊరి దాతకో, రిటైరైన ఉద్యోగికో వెళ్లింది. అన్‌ఎయిడెడ్ ప్రైవేటు పాఠశాలలకు అసలు ఈ 21వ సెక్షన్ వర్తించదు కనుక, అక్కడ చదివే లక్షలాది పిల్లల విషయంలో ఈ పాటి ద్వారం కూడా లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

రెండోది బాలల హక్కుల ఒడంబడిక. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన ఈ ఒడంబడికలో భారతదేశం 1992 డిసెంబరులో చేరింది. తన సొంత అభిప్రాయం ఏర్పరచుకోగల ప్రతి బిడ్డకూ తనకు సంబంధించిన అన్ని విషయాల్లో దాన్ని స్వేచ్ఛగా చెప్పే హక్కు ఉందనీ, వయసునూ పరిణతినీ బట్టి ఆ అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలనీ దాని 12వ అధికరణం చెబుతుంది. ఇందులో నాకు ముఖ్యంగా కనబడేది ‘తగిన విలువ’ అన్న మాట. చెప్పనిచ్చి ఊరుకుంటే సగం పనే అయినట్టు.

పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపిన రోజర్ హార్ట్, 1992లో యునిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో కింది మూడు మెట్లను భాగస్వామ్యమే కాదన్నారు. పిల్లలను మన అవసరానికి వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం ఒకరిని కూర్చోబెట్టడం ఆ మూడు. మన స్వపరిపాలన దినాలు ఏ మెట్టు మీద ఉన్నాయో బడిగంట గారు చెప్పిన సంగతిలోనే తేలిపోయింది.

---

తెనాలి_అమ్మ

నేను కమిటీ సభ్యురాలిని. నాకు ఇద్దరు ఆడపిల్లలు. గడియ లేదని మా పిల్లలు నాతో కూడా చెప్పేవారు కాదేమో, చెప్పినా కమిటీలో మగవారందరి ముందు ఆ మాట ఎత్తడానికి నేనే జంకేదాన్నేమో. సమావేశంలో మాకు సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తారు. ఏమి రాశారో చదివి వినిపించమని నేను అడిగింది ఒకే ఒక్కసారి. తల్లుల పరిస్థితే ఇలా ఉన్నప్పుడు, పిల్లలకు ఒక కుర్చీ వేసినంత మాత్రాన మాట వస్తుందని నేను అనుకోను. కుర్చీ కన్నా ముందు ధైర్యం కావాలి, అది ఎవరిస్తారో చెప్పండి.

---

మెస్_కమిటీ_మాజీ (డిగ్రీ మొదటి సంవత్సరం, నల్గొండ)

పెద్దలందరికీ నమస్కారం. నేను ఐదు నుంచి ఇంటర్ వరకు ఒక గురుకులంలో చదువుకున్నాను. ఎనిమిదో తరగతిలో నన్ను మెస్ కమిటీలో వేశారు, కాబట్టి పిల్లలకు అధికారం ఇచ్చినట్టు కనిపించడం ఎలా ఉంటుందో, నిజంగా ఇవ్వడం ఎలా ఉంటుందో రెండూ చూశాను.

మొదటి ఏడాది మా పని సంతకం పెట్టడం. రాత్రి స్టడీ అవర్‌లో రిజిస్టరు వచ్చేది. మరుసటి రోజు వండబోయే కందిపప్పు, నూనె, కూరగాయల బరువులు అప్పటికే నింపి ఉండేవి. మేము నలుగురం వరుసగా సంతకాలు చేసేవాళ్లం. పప్పు నీళ్లలా ఉందని ఒకసారి అడిగితే, ‘సంతకం పెట్టింది మీరే కదా’ అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. మా సంతకమే మా నోరు మూయించింది.

మరుసటి ఏడు కొత్తగా వచ్చిన ఒక మేడం మూడు మార్పులు చేశారు. తెల్లవారుజామున ఐదున్నరకు స్టోరు తాళం తీసేటప్పుడు మా కమిటీలో ఇద్దరు ఉండాలి. తూకం మా కళ్ల ముందు వేయాలి. బరువు మా చేత్తో మేమే రాయాలి. మొదటి రోజు నేను కందిపప్పు దగ్గర అంకె వేసి, రెండుసార్లు కాటా వైపు చూసి, కింద సంతకం చేశాను. అంకె మాది, అక్షరం మాది. ఆ నెలలోనే పప్పు చిక్కబడింది. ఎవరినీ దొంగ అనలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. మరో సంగతి ఏమిటంటే, సరుకు నిజంగానే తక్కువ వచ్చిన రోజుల్లో కారణం మాకే తెలిసేది కనుక, పప్పు పలచబడితే మేమే వెళ్లి మిగతా పిల్లలకు సర్దిచెప్పేవాళ్లం. 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం డైట్ ఛార్జీలు (పిల్లల భోజనానికి ఇచ్చే డబ్బు) 40 శాతం పెంచి అన్ని హాస్టళ్లకూ ఒకే మెనూ తెచ్చినప్పుడు నేను మొదట అనుకున్నది ఇదే: డబ్బు పెరిగింది, మంచిదే, కానీ కాటా దగ్గర పిల్లలు ఉన్నారా?

తెనాలి అమ్మగారూ, ధైర్యం ఎవరిస్తారని మీరు అడిగారు. మాకు ధైర్యం ఉపన్యాసాలతో రాలేదండి. మేము రాసిన అంకెను ఇంకెవరూ దిద్దరని తెలిసిన రోజున వచ్చింది.

---

బడిగంట

బాబూ, నీ మాటలు మా స్టాఫ్ సమావేశంలో చదివి వినిపిస్తాను. పంతులు గారి ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే మా సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడు తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనాన్ని గుర్తుచేశారు. పదో శతాబ్దంలో, మొదటి పరాంతక చోళుని కాలంలో, ఆ ఊరి సభ కమిటీలకు సభ్యులను ఎంచుకోవడానికి పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసేవారట. కుండలో ఏముందో తెలియని చిన్న పిల్లవాడి చేత ఒక్కొక్క ఆకు తీయించేవారట. ఎవరి పక్షమూ వహించని చేయి పిల్లవాడిదేనని ఆనాటి పెద్దలు నమ్మారు. ఆ కుండలో ఎవరి పేర్లు పడాలన్నదానికి ఆస్తి, చదువు అంటూ కట్టుబాట్లు ఉండేవి, అవి మనకు అక్కరలేదు. చీటీ పద్ధతి మాత్రం మనకు పనికివస్తుందని నాకు అనిపిస్తోంది. ప్రతి సెక్షన్ నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, మూడు నెలలకొకసారి చీటీలు. ర్యాంకులు, వీధులు, మేనమామలు ఎవరూ అడ్డురారు.

---

కోయబడి_టీచర్ (చింతూరు ఏజెన్సీ)

చీటీలు బాగున్నాయి మేడం, కానీ మా దగ్గర అడ్డు వేరే ఉంది. నాది ప్రాథమిక పాఠశాల. పిల్లలు 23 మంది, అందరిదీ కోయ భాష. ‘బడిలో మీకు ఏం కావాలి’ అని తెలుగులో అడిగితే వారు నేర్చుకున్న తెలుగులోనే జవాబు వస్తుంది: ‘ఏం వద్దు సార్, బాగుంది సార్.’ అది అభిప్రాయం కాదు, పాఠంలో నేర్చిన మర్యాద. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో కోయతో సహా ఎనిమిది భాషల్లో మాతృభాష ఆధారిత బోధన మొదలుపెట్టింది, పిల్లలకు పాఠం తమ భాషలో అందితేనే చదువు నిలుస్తుందన్న నమ్మకంతోనే. పాఠానికి వర్తించేది ఫిర్యాదుకు వర్తించదా?

నేను చేసింది చిన్న పని. ఊళ్లో కోయ తెలిసిన విద్యా వాలంటీరును కూర్చోబెట్టి, బడి బొమ్మ వేసి నచ్చని చోట నల్ల చుక్క పెట్టమని పిల్లలకు చెప్పాను. పదకొండు చుక్కలు ఒకే చోట పడ్డాయి: చేతిపంపు దగ్గర. పంపు పనిచేస్తోంది కదా అనుకున్నాను. వెళ్లి చూస్తే, దాని పిడి ఒకటో తరగతి పిల్లలకు అందదు. పెద్ద పిల్లలు కొట్టిపెడితేనే నీళ్లు, కొట్టిపెట్టాలంటే వారికి కోడిగుడ్డు ఇవ్వాలి. ఆరేళ్ల పిల్లలు వారానికి ఎన్ని గుడ్లు అలా ఇచ్చేశారో నాకు తెలియదు. నేను ఆ పంపుకు పది అడుగుల దూరంలో నాలుగేళ్లుగా పాఠం చెబుతున్నాను.

---

రైన్_తీరం (డ్యూసెల్‌డోర్ఫ్, జర్మనీ)

మాది విజయవాడ. పన్నెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాం. మేముండే నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో ప్రతి బడికీ ‘షూల్‌కాన్ఫరెన్స్’ అని ఒక సభ ఉంటుంది. ప్రాథమిక దశ దాటిన మామూలు బడుల్లో ఆ సభలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థులు సమాన సంఖ్యలో కూర్చుంటారు. విద్యార్థుల తరఫున ఏడో తరగతి నుంచి వెళ్లవచ్చు. బడి నియమావళి, స్థానికంగా సర్దుకునే సెలవు రోజులు, ఏ పాఠ్యపుస్తకాలు తేవాలన్న సంగతి వంటివి అక్కడ ఓటుకు వస్తాయి. మార్కులు, ఉపాధ్యాయుల నియామకాలు పిల్లల చేతిలో ఉండవు, కాబట్టి పంతులు గారు కంగారు పడనక్కరలేదు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఆ సభకు ఎంపికైనప్పుడు నన్ను ఆకట్టుకున్నది ఓటు కాదు, ఇంటికి వచ్చిన కాగితం. సమావేశానికి ముందే, ఉపాధ్యాయులకు పంపిన అజెండానే మా అమ్మాయి పేరున కూడా వచ్చింది. తను రెండు రోజులు క్లాసులో అందరినీ అడిగి, అంచుల్లో పెన్సిలుతో రాసుకుని వెళ్లింది. ఏం అడగబోతున్నారో ముందు తెలియకపోతే పిల్లలే కాదు, పెద్దలం కూడా తల ఊపి వస్తాం. అక్కడా అన్నీ సవ్యంగా ఉన్నాయని అనను, వలస కుటుంబాల పిల్లలు ఎంపిక కావడం తక్కువగానే చూశాను. కానీ కాగితం ముందుగా చేరవేయడానికి జర్మనీ కానక్కరలేదు.

---

పాతపంతులు

చీటీల సంగతి ఒప్పుకుంటున్నాను. మేనమామల బెడద దానితో తీరుతుంది. మెస్ కమిటీ కుర్రవాడు రాసింది రెండుసార్లు చదివాను. అతని మాటల్లో నాకు అర్థమైనది ఏమిటంటే, పిల్లలకు అధికారం ఎంత ఇచ్చామన్నది తరువాతి మాట, వారు చెప్పింది చెరగకుండా ఉండడం ముందు మాట. అయితే రెండు చిక్కులున్నాయి. పిల్లలు అడిగేవి అన్నీ జరిగేవి కావు. ఆటస్థలం కావాలంటారు, స్థలమే ఉండదు. కాదంటే నిరుత్సాహపడి మళ్లీ అడగరు. రెండవది, ఉపాధ్యాయుడి మీద ఫిర్యాదు వస్తే ఏం చేస్తారు? నలుగురిలో చదివితే ఆయన తలెత్తుకోగలరా?

---

చట్టం_చదువరి

మాస్టారూ, రెండో చిక్కు ముందు చూద్దాం. అలాంటి ఫిర్యాదు పిల్లల చర్చా వేదికలోకి రాకూడదు. కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. లైంగిక వేధింపు ఏదైనా ఉంటే అది 2012 పోక్సో చట్టం కిందికి వస్తుంది. తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేసి తీరాలి, బడిలో మాట్లాడి సర్దుబాటు చేసే అధికారం ఎవరికీ లేదు. కనుక అలాంటి వాటికి పిల్లల సహాయవాణి 1098 నంబరు గోడ మీద కనబడేలా రాయాలి, విడిగా ఒక తాళం వేసిన పెట్టె ఉండాలి. ఆ తాళం చెవి బడి సిబ్బందిలో ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఈ రెండింటినీ కలిపితే బడి విషయాల చర్చ భయంతో ఆగిపోతుంది, అసలైన ఫిర్యాదు మర్యాద కింద మరుగున పడుతుంది.

మొదటి చిక్కు గురించి నా అభిప్రాయం వేరు. ‘కాదు’ అన్న జవాబుకు పిల్లలు నిరుత్సాహపడరు. జవాబు రాకపోవడమే వారిని మళ్లీ అడగకుండా చేస్తుంది. స్థలం లేదని, ఎందుకు లేదో, ఎవరిని అడిగామో చెబితే, పక్క ఖాళీ జాగా ఎవరిదో కనుక్కుని వచ్చేది వారే.

---

తెనాలి_అమ్మ

కోయబడి మాస్టారు చెప్పిన చుక్కల బొమ్మ మా కమిటీలో తల్లులకు కూడా పెట్టాలని అడగబోతున్నాను. చదువు రాని తల్లులు మా కమిటీలో ఆరుగురున్నారు.

---

బడిగంట

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవాటిలోంచి మా బడికి సరిపోయినవి తీసుకుని ఈ నెల మొదలుపెట్టాం. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పది సెక్షన్ల నుంచి చీటీల ద్వారా ఇరవై మంది వచ్చారు. అందులో ఏడుగురు ఇంతవరకు ప్రార్థన సమయంలో ఒక్కసారి కూడా ముందుకు వచ్చి నిలబడనివారు. రైన్ తీరం గారు చెప్పినట్టు అజెండా మూడు రోజుల ముందే ప్రతి తరగతి గదిలో అంటించాం. కమిటీలో ఉన్న ఆ చివరి చోటు ఒకటి విద్యార్థినికి ఇవ్వమని తల్లిదండ్రులను అడిగాను, రాబోయే సమావేశంలో మాట్లాడుకుందామన్నారు. అది తేలేవరకు ఆగకుండా ఒక పెద్ద లాంగ్‌బుక్‌లో నాలుగు గడులు గీయించాను: పిల్లలు అడిగింది, ఎవరు జవాబు చెప్పాలి, ఏ తేదీలోగా, జవాబు. మొదటి గడి పిల్లలే తమ చేత్తో రాస్తారు, దాన్ని ఎవరూ దిద్దరు. చివరి గడి ఎవరి పని అయితే వారే రాసి సంతకం చేయాలి. ఔనన్నా కాదన్నా కారణం ఉండాలి. పుస్తకం నా గదిలో కాదు, లైబ్రరీ బల్ల మీద ఉంటుంది.

స్టాఫ్ రూములో అందరూ సంతోషించలేదు. ‘రేపు మన పాఠానికి కూడా జవాబు అడుగుతారు’ అని ఒకరన్నారు. ఆయన మాట తీసిపారేయలేదు. మొదటి మూడు నెలలు బోధన విషయాలు పుస్తకంలోకి రావని ఒప్పుకున్నాం. అది నాకు నచ్చి ఒప్పుకున్నది కాదు, ఆయన కూడా వెంట రావాలని ఒప్పుకున్నది.

మొదటి వరుసలో ఆడపిల్లలు సబ్బు అడిగారు. వారం లోపు వచ్చింది. రెండో వరుసలో పదో తరగతివారు తమ రెండు ఆటల పీరియడ్లూ లెక్కలకు పోతున్నాయని రాశారు. లెక్కల మాస్టారు తన చేత్తోనే జవాబు రాశారు: రెండింటిలో ఒకటి తిరిగి ఇస్తానని, రెండోది పరీక్షల దాకా ఇవ్వలేనని, ఎందుకో మూడు వాక్యాల్లో. పిల్లలు ఆ పేజీ చుట్టూ మూగి చదువుకున్నారు. మూడోది సైకిళ్ల షెడ్డు. డబ్బు లేదని, దాతలను అడిగామని నేనే రాశాను. మరునాడు ఎవరో దాని కింద పెన్సిలుతో, వేపచెట్టు కింద తాడు కట్టుకుంటే చాలు టీచర్, అని రాశారు.

నాలుగో వరుస ఆరో తరగతి అబ్బాయిది. అక్షరాలు గీత దాటి పోయాయి: ‘ప్రార్థన అయ్యాక ఎండలో అంతసేపు ఎందుకు నిలబెడతారు?’ ఆ సమయంలో మాట్లాడేది నేనే. నీడలోకి వెళ్దామంటే వరండా సరిపోదు, రెండు విడతలు చేద్దామంటే మొదటి పీరియడ్ తగ్గుతుంది, నా మాటలు తగ్గించుకోవడం ఒక్కటే నా చేతిలో ఉంది. గడువు శుక్రవారం. ఆ గడి ఇంకా ఖాళీగా ఉంది. రోజూ ఇంటర్వెల్‌లో ఆ అబ్బాయి వచ్చి పుస్తకం తెరిచి చూసి వెళ్తున్నాడని లైబ్రరీ చూసే టీచరు చెప్పారు.